వాపస్ బండి

కాకా చనిపోయిన సంగతి నాకు మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. చాలా కాలంగా ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ రావడం లేదు. ఆ రోజు ఒక్క గంటలో తెర నిండా దండం పెట్టిన చేతుల బొమ్మలే. మా ఎండీ కూడా రాశాడు: "గొప్ప ప్లానర్‌ని కోల్పోయాం." అది చదివి ఫోన్ బోర్లా పెట్టాను. ఆ గొప్ప ప్లానర్‌ని పంపించేసిన ఉత్తరం మీద సంతకం ఎండీది. అందులోని వాక్యాలు నావి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆఫీసులో అందరూ కాకా అనేవారు. ఆదిలాబాద్ వైపు మనిషి, యాభై దాటినవాడు. పత్తి జిన్నింగు మిల్లులో కాంటా దగ్గర పదేళ్లు బండ్లు తూచి, ఆ కాంటాకు కంప్యూటర్ బిగించినప్పుడు దాన్ని నేర్చుకుని, అక్కడి నుంచి మా కంపెనీలోకి వచ్చాడు. కరీంనగర్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణం పైఅంతస్తులో ఉండేది మా కంపెనీ. కింద మిరపకాయల బస్తాలు దిగిన రోజు పైన తొమ్మిది మందిమీ తుమ్ముతూ పనిచేసేవాళ్లం.

నాది చెన్నూరు. డిగ్రీ మధ్యలో ఆపేసి, నాలుగేళ్లు కరీంనగర్ లైబ్రరీలో కూర్చున్నాను. నా చుట్టూ ఉన్నవాళ్లు గ్రూప్ పరీక్షల పుస్తకాలు చదివేవారు, నేను దొరికిందల్లా చదివాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఏ కాలేజీ నేర్పనిది నాకు ఆ గది నేర్పిందని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కంపెనీలో నా పని కాగితాలు రాయడం: ఉత్తరాలు, మీటింగు వివరాలు, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు.

కాకా పని ప్లానింగ్. సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే ముందు మొత్తం పనిని భాగాలుగా, భాగాలను ముక్కలుగా, ఒక్కో ముక్క ఒక్క మనిషి పూర్తి చేయగలిగినంత అయ్యేదాకా విడగొట్టి పటం వేస్తారు. ఇంగ్లీషులో వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్ అంటారు. కాకా "పని విడగొట్టుడు" అనేవాడు. కంప్యూటర్‌లో గీయడానికి సౌకర్యం ఉన్నా గోడ మీదే వేసేవాడు. అట్టముక్కలకు బదులు పాత పెళ్లిపత్రికలు. మందంగా ఉంటాయి, వెనక తెల్లగా ఉంటుంది, డబ్బులు పెట్టక్కర్లేదు. ఎవరింట్లో పెళ్లయినా పత్రికలు అడిగి తెచ్చి కత్తెరతో కోసేవాడు. ఫ్యాను గాలికి ఒక ముక్క తిరగబడితే వెనక సగం వినాయకుడో, పెళ్లికూతురి తండ్రి పేరో కనిపించేది.

"కాకా, నా లాగిన్ పేజీకి ముహూర్తం ఎప్పుడే?" అని స్వప్న ఆటపట్టించేది. మా ప్రోగ్రాములు రాసే అమ్మాయి.

"నీ పెండ్లి పత్రిక తెస్తే దాని మీదనే రాస్త పోరీ. జల్ది చేస్కో, నాకు కార్డులు తక్కువ వడ్తున్నయి."

కాంటా దగ్గరి అలవాటు ఆయన చేతిలోంచి పోలేదు. ఏ వస్తువు కనిపించినా ఎత్తి చూసేవాడు. నా సంచి ఎత్తి "మూడు కిలోల మీద పావు" అనేవాడు. రాసిన కార్డును కూడా అరచేతిలో పెట్టుకుని కిందికీ మీదికీ ఆడించేవాడు. "బగా, ఇది బరువున్నది. ఒక్కనితోని కాదు. ఇంకా విడగొట్టు." మరాఠీలో బగా అంటే చూడండి అని. ఆయన ప్రతి మాటా దానితోనే మొదలయ్యేది.

ఆయనకు కొన్ని పట్టుదలలుండేవి. కార్డు మీద చేసే పని రాయొద్దు, చేస్తే వచ్చే వస్తువు రాయాలి. "లాగిన్ చేసుడు అని రాస్తే ఎవనికి కనవడ్తది? లాగిన్ పేజీ అని రాయి. ఉంటె ఉన్నది, లేకుంటె లేదు." ఎన్ని రోజులు పడుతుందో ఆ పని చేసేవాళ్లే రాయాలి. ఒకసారి స్వప్న సెలవులో ఉంటే ఆమె కార్డు మీద నేను మూడు రోజులని రాశాను. కాకా అది చూసి రబ్బరుతో చెరిపేశాడు.

"నీ దినాలు నువ్వు రాసుకో తమ్మీ. ఇంకొకల దినాలు రాయకు. ఆ దినాలు బత్కేది ఆ పిల్ల."

అన్నీ అయ్యాక, పటం ముందు అందరినీ కూర్చోబెట్టేవాడు. "ఇంకేం మిగిలింది?" అని అడిగి ఊరుకునేవాడు. పది నిమిషాలైనా ఎవరినీ లేవనిచ్చేవాడు కాదు. ఆ మౌనం భరించలేక ఎవరో ఒకరు మర్చిపోయిన సంగతి ఒకటి చెప్పేవారు. దానికి ఒక కార్డు కోసేవాడు.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో నాకు ప్రాజెక్టుల నిర్వహణ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయి, ఎవరూ తీసుకోకుండా కింది అరలో పడి ఉంది. అందులో కాకా చేసేదంతా ఉంది. విడగొట్టిన ముక్కలన్నీ కలిపితే మొదట్లోని పని అంతా రావాలి, ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి ఎక్కువ కాకూడదు అన్న నూరు శాతం నియమం కూడా ఉంది. ఉత్సాహం ఆపుకోలేక ఆఫీసుకు తెచ్చి ఆయనకు చదివి అర్థం చెప్పాను.

"మల్ల చదువు," అన్నాడు. మళ్లీ చదివాను.

"గీ పుస్తకం రాసినోడు కాంటా కాడ పనిచేసిండా?"

"తెల్వది కాకా."

"చేసే ఉంటడు. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం. నడుమలది పత్తి. ఎక్కువ రావొద్దు, తక్కువ రావొద్దు. గదే గద ఆయన చెప్పేది." ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు. ఆ తర్వాత ఆ పుస్తకం ఎక్కువగా ఆయన బల్ల మీదే ఉండేది.

ఆ ఏడాది మాకు జిన్నింగు మిల్లుల వాళ్ల సంఘం ఒకటి పని ఇచ్చింది. రైతులు పత్తి అమ్ముకోవడానికి రోజుల తరబడి వరసల్లో ఉండకుండా, ఫోన్‌లో టోకెన్ తీసుకుని, తమకు వచ్చిన రోజున బండి తెచ్చే సాఫ్ట్‌వేర్. ఒప్పందంలో ఐదు భాగాలున్నాయి: రైతు పేరు నమోదు, రోజు కేటాయింపు, మెసేజ్, గేటు దగ్గర టోకెన్ చూడటం, నివేదికలు. కాకా ఐదింటినీ గోడ మీద విడగొట్టాడు. పక్కన ఆరో కార్డు పెట్టాడు. దాని మీద "వాపస్ బండి" అని ఉంది.

ఎండీ మా కంటే చిన్నవాడు, హైదరాబాద్‌లో చదువుకుని వచ్చినవాడు. "ఇదేంది కాకా?" అన్నాడు.

"మీటర్ల తేమ ఎక్కువ చూపిస్తె బండిని వాపస్ పంపుతరు సార్. ఆ బండి ఇంటికి వోదు. గేటు బయట రోడ్డు పొంటి పట్టాలు పరిచి పత్తి ఆరవోస్తరు. రెండు మూడు దినాలకు అదే బండి మల్ల వస్తది. కాగితం టోకెన్లప్పుడు గేటు కాడోడు మొఖం గుర్తువట్టి లోపటికి తోలుతుండె. కంప్యూటర్‌కు మొఖం తెల్వది గద. దానికి మనమే చెప్పాలె."

"అగ్రిమెంటుల లేదు. వాళ్లు అడగలే."

"అడిగెటోళ్లు ఏసీ రూంల ఉన్నరు. బండి రోడ్డు మీదున్నది."

ఎన్ని రోజులు పడుతుందని స్వప్నను అడిగారు. ఆమె లెక్క వేసుకుని "రెండు వారాలు" అంది. పత్తి రాక మొదలవడానికి ఆరు వారాలే ఉన్నాయి. ఎండీ కుర్చీ తిప్పి నా వైపు చూశాడు.

"నువ్వు చదువుతవు గద. నీ పుస్తకం ఏమంటది?"

అంతకు ముందు ఎప్పుడూ ఒక మీటింగులో నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను లేచి నిలబడి చెప్పాను. ఒప్పుకున్న పనంతా పటంలో ఉండాలి, ఒప్పుకోని పని ఒక్కటి కూడా ఉండకూడదు, అదే నూరు శాతం నియమం అన్నాను. ఇంగ్లీషు వాక్యం కూడా నోటికి చెప్పాను. ఎండీ తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఎంత బాగుందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

కాకా మెల్లగా అడిగాడు. "గంతేనా తమ్మీ? ఇంకేం రాసి లేదా?"

"గంతే కాకా."

గంతే కాదు. ఆ పేజీ తిప్పితే ఇంకో మాట ఉంది. ఆ పనిలో ఉన్నవాళ్లు ఒక పని తప్పిపోయిందని చెబితే, కొట్టేసే ముందు పని ఇచ్చినవాళ్లను అడగాలి అని. అది నేను చదివాను. పెన్సిల్‌తో గీత కూడా పెట్టుకున్నాను.

"అయితే తీసెయ్యి కాకా," అన్నాడు ఎండీ.

"నేను తియ్య సార్. పుస్తకం తమ్మిది. చెయ్యి గూడ తమ్మిదే వెట్టమను."

నేనే వెళ్లి తీశాను. టేపుతో పాటు గోడ సున్నం ఊడి వచ్చింది.

ఆ ఏడాది పత్తి గేటు దగ్గరకు వచ్చే సమయానికి ముసురు పట్టింది. పదో రోజున సంఘం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కాకాను, నన్ను చూసి రమ్మని ఎండీ పంపాడు. ఆదిలాబాద్ వైపు ఒక మిల్లుకు వెళ్లాం; గేటుకు ఇరువైపులా రోడ్డు పొడవునా పట్టాలు, పట్టాల మీద పత్తి, పత్తి పక్కన మనుషులు. తేమ ఉందని తిప్పి పంపిన ప్రతి బండి టోకెన్‌ను మా సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే మూసేస్తోంది. ఆరబోసుకుని వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి టోకెన్ తీసుకోవాలి.

బోథ్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె మా మెడలో కార్డులు చూసి దగ్గరికి వచ్చింది. "మీరేనా బిడ్డా ఫోన్ టోకెనోళ్లు? ఆరవెట్టుకొని వస్తె నా టోకెన్ చచ్చిపోయిందంటుండ్రు. మల్ల బుక్ చేస్తె తొమ్మిది దినాలకిచ్చిండ్రు. టోకెన్ చచ్చింది గని నేను బతికే ఉన్న గద. నన్ను తోలరాదు లోపటికి?"

పక్క బండి మీద కూర్చున్నతను నవ్వాడు. "గాళ్లనేం అడుగుతవే అవ్వా. గాళ్ల పత్తి కంప్యూటర్ల ఉంటది, తడ్వది."

కాకా వంగి ఆమె పట్టా మీది పత్తి పిడికెడు తీసుకున్నాడు. అరచేతిలో కాసేపు ఆడించాడు. "ఇయ్యాల మంచిగనే ఆరింది అవ్వా," అన్నాడు. ఆకాశం వైపు చూశాడు. గేటు దగ్గర మనిషిని బతిమాలాడు, సంఘానికి ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోతే మేమేం చేస్తామన్నారు వాళ్లు. మేం బయల్దేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమె కొంగుతో పత్తి కప్పడానికి చూస్తోంది.

తిరుగు బస్సులో కాకా కిటికీ పక్కన కూర్చున్నాడు. నిర్మల్ దాటాక, బయటికే చూస్తూ అన్నాడు.

"నీ పుస్తకం నా బల్ల మీద ఉండె గద తమ్మీ. మీటింగు అయినంక పేజీ తిప్పి చూసిన. నాకు ఇంగ్లీషు గంత రాదు. గని నువ్వు కింద గీత వెట్టినవు. ఆస్క్ అంటె ఏందో నాకు ఎరుకనే."

నేను ఏదో అనబోయాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. కరీంనగర్ బస్టాండు దాకా తెరవలేదు.

తర్వాతి వారం సంఘం మనుషులు ముగ్గురు మా ఆఫీసుకు వచ్చారు. గోడ ముందే కూర్చున్నారు. "ప్లానింగ్ ఎవలది?" అని అడిగారు.

"నాది," అన్నాడు కాకా లేచి.

"వాపస్ బండ్ల సంగతి ఎందుకు లేదు ఈ గోడ మీద?"

కాకా ఎండీ వైపు చూశాడు. ఎండీ ఫోన్ చూసుకుంటున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. తొందరపెట్టే చూపు కాదు, గోడ ముందు అందరినీ కూర్చోబెట్టి ఎవరో ఒకరు చెబుతారని కాచుకునేటప్పటి చూపు. నేను మీటింగు వివరాలు రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"గోడ మీద లేదంటె నాదే తప్పు," అన్నాడు కాకా. "గోడ నాది."

ముగ్గురిలో ఒకతనికి కాకా పాత పరిచయం. "పదేండ్లు కాంటా కాడ చేసినోనివి, వాపస్ బండిని మర్చిపోయినవా ఏందయ్యా?" అని పగలబడి నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఎండీ కూడా కొంచెం నవ్వాడు.

వాళ్లు వెళ్లాక ఎండీ నన్ను లోపలికి పిలిచాడు. "కాకాను తీసేస్తున్నమని ఒక లెటర్ రాయి, సంఘానికి గూడ కాపీ పోవాలె. మర్చిపోయిండనే రాయి. గట్ల రాస్తెనే వాళ్లు కంపెనీని వదులుతరు. కాకాకు తరువాత ఇంకేమన్న చూద్దాం." నేను రాశాను. "అత్యంత ముఖ్యమైన పనిని ప్రణాళికలో చేర్చడం మర్చిపోయినందున" అని మొదలయ్యే వాక్యం నాది. ఒక్క అక్షరం తప్పు లేదు. ఎండీ చదివి "నీ తెలుగు మంచిగుంటది" అన్నాడు. తరువాత ఏమీ చూడలేదు. కాకా వెళ్లిన నెలకు వాపస్ బండి భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లో చేర్చారు. స్వప్న చెప్పినట్టే రెండు వారాలు పట్టింది. దాన్ని మా కంపెనీ ప్రత్యేకతగా కొత్త వాళ్లకు చూపించే కాగితం కూడా నేనే రాశాను.

నేను ఆ ఉద్యోగం మానేసి వేరే చోట చేరాను. కాకా దగ్గరికి వెళ్లాలని ప్రతి ఏడాదీ అనుకున్నాను. అనుకోవడం సులభం.

చావు దినాలు అయ్యాక, జనం తగ్గుతారని చూసుకుని ఆదిలాబాద్ వెళ్లాను. రెండు గదుల ఇల్లు. వాకిట్లో ఆయన తమ్ముళ్లు ఇద్దరు కూర్చున్నారు. లోపల కాకా భార్య నాకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు ఆఫీసోనివేనా బిడ్డా?"

"అవును చిన్నమ్మా."

ఆమె లేచి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆ ఉత్తరం. మడతల దగ్గర పలచబడింది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. ఈ కాగితంల మర్చిపోయిండని రాసిండ్రు. ఇంట్ల ఉప్పు అయిపోతె నాకంటె ముందు ఆయనకే ఎరుకయితుండె. బండి సంగతి ఎట్ల మర్చిపోతడు? ఏ మిల్లుకు వోయినా, వాపస్ బండిని మర్చిపోయినోడు వచ్చిండు అని నవ్విండ్రట. పని ఇయ్యలే. మా మరుదులు గూడ నవ్విరి. నేను అడిగితె ఏమనకపోతుండె. ఆఖరికి నేను గూడ నమ్మిన బిడ్డా. మతి తప్పుతున్నదేమో అని డాక్టర్ కాడికి తోల్కవోయిన. ఆ డాక్టర్ చిన్న పోరన్ని అడిగినట్టు, ఇయ్యాల ఏం వారం, నీ ఊరేంది అని అడిగిండు. అన్నిటికి జవాబు చెప్పిండు. నన్నొక్క మాట అనలే."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. "మర్చిపోలే చిన్నమ్మా. కార్డు రాసి గోడకు పెట్టిండు. నేనే తీసిన. ఈ కాగితం గూడ నేనే రాసిన."

ఆమె ఉత్తరాన్ని ఒళ్లో పెట్టుకుంది. "ఆయనకు ఎరుకేనా?"

"ఎరుకనే."

"నీ పేరేంది?"

చెప్పాను. ఆమె ఆలోచించింది. "ఆ పేరు ఎన్నడు ఇనలే ఆయన నోట," అంది.

నన్ను దాచిపెట్టాడో, పేరు పలకడానికి కూడా నేను తగననుకున్నాడో, అడగడానికి ఆయన లేడు.

ఆమె మరుదులిద్దరినీ లోపలికి పిలిచి "మల్ల చెప్పు" అంది. చెప్పాను. పెద్దతను నా భుజం తట్టాడు.

"నీది మంచి మనసు తమ్మీ. పోయినోని తప్పు నీ మీద ఏసుకుంటున్నవు. గీ కాలంల ఎవలు చేస్తరు గిట్ల?"

"లేదన్నా, నిజంగనే..."

"సమజైంది లే. మా వదినె పరేషాన్ అయితున్నదని చెప్తున్నవు. సంతోషం."

ఇద్దరూ మళ్లీ వాకిట్లోకి వెళ్లిపోయారు. ఆమె ఉత్తరాన్ని తిరగేసి నా ముందు పెట్టింది. వెనక తెల్లగా ఉంది.

"నోటితోని అంటె ఎవలు నమ్ముతరు? నువ్వు రాసిందే నమ్మిండ్రు అందరు. రాయి."

రాశాను. ఆయన కార్డు పెట్టాడని, ఎండీ తీసెయ్యమన్నాడని, నేను అబద్ధం చెప్పి తీశానని, నలుగురిలో అడిగినప్పుడు నోరు తెరవలేదని. కింద పేరు రాసి సంతకం పెట్టాను. ఆమె పెదాలు కదుపుతూ మొత్తం చదివి, కాగితం పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. పెద్దతను చదివి చిన్నతనికి ఇచ్చాడు. చిన్నతను చదివాక ఇద్దరూ నా వైపు చూడటం మానేశారు.

ఆమె లోపలికి వచ్చింది. నేను సగం తాగి పెట్టిన చాయ్ గ్లాసును నా ముందు నుంచి తీసింది. వాకిలి దాకా వెళ్లి, మిగిలిన చాయ్‌ని బయట పారబోసింది.